ఎలాస్టోమేనియా: మొదటి రోజు నుంచి సొంత ట్రాక్ గీసేదాకా

మా మేనల్లుడు మొదటిసారి ఎలాస్టోమేనియా అనే ఈ కంప్యూటర్ బైక్ ఆట ముందు కూర్చున్నప్పుడు పై బాణం కీ మీద వేలు పెట్టి ఇక తీయలేదు. ముందు చక్రం లేచింది, ఇంకా లేచింది, బండి వెనక్కి తిరగబడింది, తల నేలకు తగిలింది. ఆట అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అదే. పదకొండోసారికి నా వైపు తిరిగి, "మావయ్యా, ఈ బండికేదో అయింది, కాస్త చూడు" అన్నాడు. బండికి ఏమీ కాలేదు. "పై బాణం వదులు రా" అని చెప్పడమే మిగిలింది. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఈ ఆటలో గ్యాస్ ఎప్పుడు ఇవ్వాలో అందరికీ తెలుసు. ఎప్పుడు వదలాలో తెలిసినవాళ్ళే ముందు చేరతారు.

ఎలాస్టోమేనియా 2000లో వచ్చింది. తయారుచేసింది హంగేరీకి చెందిన బలాజ్ రోజా అనే ప్రోగ్రామర్. అంతకుముందు 1997లో ఆయనే యాక్షన్ సూపర్‌క్రాస్ అనే ఆట చేశారు, దాని తమ్ముడే ఇది. పక్కనుంచి చూసే ఆట: గుట్టలు, గోతులు, సొరంగాలు, వాటి మీద ఒక మోటార్ సైకిల్. దారిలో ఉన్న ఆపిల్ పండ్లన్నీ ఏరుకుని, చివర్లో ఒక పువ్వును తాకాలి. ఒక చిన్న విషయం నాకు భలే నచ్చుతుంది: హంగేరియన్ భాషలో కూడా రోజా అంటే రోజా పువ్వే. తన ఇంటిపేరునే ఆయన గమ్యంగా పెట్టారో, అలా కుదిరిందో గానీ, ఆ పువ్వు కనిపించినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

నేను దీన్ని 2003లో విశాఖ ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో నేర్చుకున్నాను. గంటకు ఇచ్చిన డబ్బులో సగం మెయిల్ చూడటానికి, సగం దీనికి. ఇన్నేళ్ళలో బొమ్మలు ఎంతో అందంగా ఉన్న బైక్ ఆటలు చాలా చూశాను. అయినా బండి బరువు, స్ప్రింగు, నేల పట్టు అంటే ఏంటో వేళ్ళకు తెలిసేలా నేర్పింది ఇదే. అందుకే కొత్తవాళ్ళకు దీనితోనే మొదలుపెట్టమని చెబుతాను.

ముందు కీబోర్డు సంగతి

ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరుకుతుంది. చాలా పాత కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించక్కర్లేదు. ఆలోచించాల్సింది కీబోర్డు గురించి.

కీలు ఐదే. పై బాణం గ్యాస్. కింది బాణం బ్రేకు. ఎడమ, కుడి బాణాలు బండిని ఆ వైపుకి తిప్పుతాయి, ఈ తిప్పడాన్ని ఆటగాళ్ళు వోల్ట్ అంటారు. స్పేస్ బార్ నొక్కితే బండి ఎదురు దిక్కుకి తిరుగుతుంది. వీటితోపాటు 'టి' నొక్కితే గడియారం, 'వి' నొక్కితే చిన్న మ్యాపు కనిపిస్తాయి, మళ్ళీ నొక్కితే దాక్కుంటాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. చాలా మామూలు కీబోర్డుల్లో పై బాణం, ఎడమ బాణం, స్పేస్ మూడూ ఒకేసారి నొక్కితే మూడోది కంప్యూటర్‌కి చేరదు. తప్పు మీదనుకుని గంటలు గంటలు తలపట్టుకుంటారు. అందుకే ఆడే ముందు ఒక పరీక్ష చేయండి. చదునుగా ఉన్న చోట పై బాణం, ఎడమ బాణం కలిపి పట్టుకుని స్పేస్ కొట్టండి. బండి తిరిగిందా, సరే. తిరగలేదా, ఆటలో ఆప్షన్స్‌లోకి వెళ్ళి తిరిగే కీని ఎడమ చేతి వైపున్న ఇంకో కీకి మార్చి, మళ్ళీ అదే పరీక్ష చేయండి. ఏ మూడు కలిసి పనిచేస్తాయో కీబోర్డును బట్టి మారుతుంది, రెండు మూడు చూస్తే ఒకటి దొరుకుతుంది.

సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళకు ఇంకో మాట. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి ఉప్పుగాలి నేరుగా కొడుతుంది. కిటికీ పక్కన పెట్టిన కీబోర్డు రెండు వానాకాలాలు దాటేసరికి బాణం కీలు బిగుసుకుపోయి, నొక్కినవి వెంటనే పైకి రావడం మానేశాయి. వదిలిన గ్యాస్ వదలనట్టే ఉండిపోతే ఈ ఆట ఆడలేం. రాత్రిపూట ఒక గుడ్డ కప్పండి, కిటికీకి దూరంగా పెట్టండి, చాలు.

వేళ్ళు ఇలా పెట్టండి: కుడి చేతి నడిమి వేలు పై బాణానికీ కింది బాణానికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. చూపుడు వేలు ఎడమ బాణం మీద, ఉంగరం వేలు కుడి బాణం మీద. ఎడమ చేయి తిరిగే కీ మీద. గ్యాస్‌కీ బ్రేకుకీ ఒకే వేలు వాడటం ముఖ్యం, అప్పుడు బ్రేకు వేయాలంటే గ్యాస్ వదలక తప్పదు.

ఈ బండి ఎలా తయారైందో తెలుసుకోండి

ఆట పేరులోనే సాగే గుణం ఉంది. బండికి రెండు చక్రాలు, వాటిని నడిమి చట్రానికి కలిపే స్ప్రింగులు. ఆ స్ప్రింగులు మామూలు బండి షాకబ్జార్బర్ల కంటే ఎంతో ఎక్కువ సాగుతాయి, నలుగుతాయి. బీచ్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ మీద వేగంగా ఎక్కితే బండి ముందు కుంగి, తర్వాత పైకి తన్నడం మీకు తెలుసు కదా. ఇక్కడ అదే తన్ను పది రెట్లు అనుకోండి. ఆ తన్నే మిమ్మల్ని పడేస్తుంది, వాడుకోవడం తెలిస్తే ఆ తన్నే మిమ్మల్ని గుట్ట దాటిస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన మూడు సంగతులు ఉన్నాయి. ఇంజను తిప్పేది వెనక చక్రాన్ని మాత్రమే. బ్రేకు రెండు చక్రాలనూ ఒకేసారి బిగించేస్తుంది. ఇక మూడోది చాలామందికి ఏళ్ళ తరబడి ఆడినా తట్టదు: నేలను తాకేవి రెండు చక్రాలు, మనిషి తల, అంతే. బండి చట్రం గానీ మనిషి ఒళ్ళు గానీ నేలకు తగిలినా ఏమీ కాదు, మట్టిలోంచి దూరినట్టు వెళ్ళిపోతుంది. పదునైన శిఖరం మీద బండి పొట్ట ఆనుతుందేమో అని భయపడక్కర్లేదు. మీరు కాపాడుకోవాల్సింది ఒక్క తలనే.

తల నేలకు తగిలితే ఆట పోతుంది. ముళ్ళతో తిరుగుతూ ఉండే వస్తువుకి తల గానీ చక్రం గానీ తగిలినా పోతుంది. ఆపిల్‌నీ పువ్వునీ మాత్రం చక్రంతో తాకినా, తలతో తాకినా లెక్కే.

మొదటి పావుగంట: పండ్ల జోలికి పోకండి

మొదటి లెవెల్ పేరు వార్మప్. అందులోకి వెళ్ళి, పువ్వు సంగతి మరిచిపోండి. పావుగంట సేపు చేయాల్సింది ఇది.

పై బాణాన్ని పట్టుకోకండి, తట్టండి. తబలా మీద వేలు పడినట్టు. ఒక్కో తట్టుకి ముందు చక్రం కాస్త తేలిక పడటం, వదలగానే కిందికి రావడం చూడండి. ఇప్పుడు తట్టు కొంచెం పొడుగు చేయండి. ముందు చక్రం నేల వదిలిన క్షణాన వదిలేయండి. అది తిరిగి నేలను తాకిన క్షణాన మళ్ళీ నొక్కండి. ఇలా ఒక లయ పడుతుంది. మా వాడికి నేను నోటితో చెప్పాను: "నొక్కు... వదులు... నొక్కు... వదులు." పది నిమిషాలకి వాడు నా నోరు వినడం మానేసి, స్క్రీన్ మీద ముందు చక్రాన్ని చూడటం మొదలుపెట్టాడు. రావాల్సింది అదే. మీ కళ్ళు మనిషి మీదో దారి మీదో కాదు, ముందు చక్రానికీ నేలకీ మధ్య ఉన్న ఖాళీ మీద ఉండాలి.

తర్వాత బ్రేకు. కాస్త వేగం అందుకుని కింది బాణం గట్టిగా నొక్కి పట్టండి. చక్రాలు బిగుసుకుంటాయి, బండి ముందుకు తూలుతుంది, వేగం ఎక్కువైతే ముందుకు పల్టీ కొడుతుంది. కావాలనే రెండు మూడుసార్లు పడండి. ఎంత వేగంలో బ్రేకు పడేస్తుందో, ఎంతలో పడేయదో వేలికి తెలియాలి. దిగుడులో ఇంకా తొందరగా తూలుతుంది. అక్కడ బ్రేకును పట్టుకోకుండా చిన్న చిన్నగా తడుతూ దిగాలి. యారాడ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అనుభవం ఉన్నవాళ్ళు బ్రేకును పట్టి వదిలి, పట్టి వదిలి దిగుతారు చూడండి, ఆ తీరు.

ఒక ఏటవాలు మీద బండి ఆపి, బ్రేకు పట్టుకుని నిలబడటం కూడా నేర్చుకోండి. ముందేముందో తెలియని చోట ఊపిరి పీల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

వోల్ట్: ఈ ఆట గుండె

ఎడమ బాణం నొక్కితే బండి ఎడమకి, కుడి బాణం నొక్కితే కుడికి ఒక్క కుదుపుతో తిరుగుతుంది. నొక్కినప్పుడు స్క్రీన్‌ని దగ్గరగా చూడండి: బండి మీది మనిషి చెయ్యి ఒక్కసారి విసురుతాడు, ఆ విసురుకి బండంతా తిరుగుతుంది. బండి ఎటు చూస్తున్నా ఎడమ అంటే ఎడమకే. ఇది ముందుకి, ఇది వెనక్కి అని నేర్చుకుంటే, బండిని వెనక్కి తిప్పిన మొదటి క్షణంలోనే తికమక పడతారు. మొదటి రోజు నుంచీ ఎడమ, కుడి అనే నేర్చుకోండి.

ఒక వోల్ట్ పడ్డాక అదే వైపు రెండోది పడాలంటే అర సెకనుకు కాస్త తక్కువ ఆగాలి. ఈలోగా ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. కొత్తవాళ్ళు టెన్షన్‌లో బాణాన్ని టకటకా కొడతారు, అవన్నీ వృథా. దీన్నుంచి తెలుసుకోవాల్సింది ఏంటంటే వోల్ట్ చేతిలో ఒక్కటే ఉన్నట్టు లెక్క. ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే అనుకోవాలి.

ఎక్కడ పెట్టాలి? మొదట తిరగబడబోతున్నప్పుడు. గ్యాస్ ఎక్కువై ముందు చక్రం లేచిపోతుంటే, గ్యాస్ వదిలి, ముందు చక్రం కిందికి దిగే వైపు ఒక్క వోల్ట్. బండి కుడివైపు చూస్తుంటే కుడి బాణం, ఎడమవైపు చూస్తుంటే ఎడమ బాణం. ఈ ఒక్కటి వస్తే చావులు సగానికి సగం తగ్గుతాయి. గ్యాస్ వదలకుండా వోల్ట్ ఇస్తే మాత్రం రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, మీరు మళ్ళీ వెల్లకిలా పడతారు.

ఎడమ, కుడి రెండూ సరిగ్గా ఒకేసారి నొక్కితే ఇంకో రకం కుదుపు వస్తుంది. దాన్ని అలోవోల్ట్ అంటారు. నిపుణులు దీంతో అద్భుతాలు చేస్తారు. మొదటి నెలలో దాని జోలికి వెళ్ళకండి, ఉందని తెలిస్తే చాలు.

ఎక్కుడు

మొదటి ఐదు లెవెళ్ళలో అందరూ ఆగిపోయేది ఎక్కుడు దగ్గరే. ఐదో లెవెల్ పేరే అప్‌హిల్ బ్యాటిల్.

కైలాసగిరి ఘాట్ మీద వెనక మనిషిని కూర్చోబెట్టుకుని బండి ఎక్కించినవాళ్ళకి ఈ పాఠం సగం వచ్చినట్టే. వెనక బరువుంటే హ్యాండిల్ తేలికైపోతుంది, ఒక్కసారిగా ఎక్సలేటర్ తిప్పితే ముందు చక్రం లేస్తుందేమో అనిపిస్తుంది. మనం ఏం చేస్తాం? కింద నుంచే వేగం తెచ్చుకుంటాం, ఎక్కుతున్నప్పుడు ఎక్సలేటర్ మెల్లగా, ఒకే తీరుగా ఇస్తాం, ఒళ్ళు ముందుకి వంచుతాం. ఇక్కడా అంతే. వేగం చదును మీదే తెచ్చుకోవాలి. వాలు మొదలయ్యే మలుపులో స్ప్రింగులు నలుగుతాయి, ఆ క్షణాన గ్యాస్ వదలాలి. లేకపోతే నలిగిన స్ప్రింగు తన్నూ ఇంజను తోపూ కలిసి బండిని వెల్లకిలా పడేస్తాయి. రెండు చక్రాలూ వాలు మీద ఆనాక మళ్ళీ గ్యాస్. ఒళ్ళు ముందుకి వంచడం బదులు ఇక్కడ వోల్ట్ ఉంది. ముందు చక్రం తేలుతున్నట్టు అనిపించగానే పైవైపుకి ఒకటి ఇవ్వండి.

మా వాడు అప్‌హిల్ బ్యాటిల్ దగ్గర రెండు సాయంత్రాలు గడిపాడు. ఆ రెండు సాయంత్రాలూ వాడు చేసిన తప్పు ఒక్కటే: వాలు మొదట్లో గ్యాస్ వదలడానికి మనసొప్పకపోవడం. "వదిలితే ఆగిపోతుంది కదా మావయ్యా" అనేవాడు. చివరికి వాడి రీప్లేని పెట్టి చూపించాను. మలుపులో స్ప్రింగు నలిగి, చట్రం చక్రాల మధ్యకి దిగిపోయి, ఆ తర్వాత ముందు చక్రం గాలిలోకి ఎగిరిన తీరు వాడే కళ్ళారా చూశాడు. తర్వాతి ప్రయత్నంలో వేలు ఎత్తాడు. బండి గుట్ట ఎక్కింది.

గాలిలో, దిగేటప్పుడు

ఎగిరాక మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం వోల్ట్. దిగబోయే నేల ఎంత వాలుగా ఉందో చూసి, బండిని ఆ వాలుకి సమంగా తిప్పి, రెండు చక్రాలూ ఒకేసారి ఆనేలా దిగాలి. ముందు చక్రం ముందు తగిలితే ముందుకు పల్టీ. వెనక చక్రం మరీ ముందు తగిలితే ముందు భాగం చప్పున కిందికి కొట్టుకుని మళ్ళీ పైకి తంతుంది.

గాలిలో గ్యాస్ పట్టుకుని ఉంటే వెనక చక్రం పిచ్చిగా తిరుగుతూ ఉంటుంది. నేల తగలగానే ఆ తిరుగుడంతా ఒక్కసారిగా తోపుగా మారుతుంది. చదును మీద దిగేటప్పుడు అది లాభం, వెంటనే వేగం వస్తుంది. ఎక్కుడు మీద దిగేటప్పుడు మాత్రం ప్రాణం తీస్తుంది. అందుకే గాలిలో ఉండగానే నిర్ణయించుకోండి: దిగే చోటు చదునా, ఎక్కుడా?

ఇది వంటబట్టాక ఎగిరి దూకడం సాధన చేయండి. ఎత్తు నుంచి పడినప్పుడు స్ప్రింగులు బాగా నలుగుతాయి. అవి తిరిగి సాగడం మొదలుపెట్టే క్షణాన వోల్ట్ ఇస్తే బండి మామూలు కంటే ఎంతో ఎత్తుకి లేస్తుంది. ఒక్క క్షణం ముందైతే ఏమీ జరగదు, ఒక్క క్షణం వెనకైతే అప్పటికే స్ప్రింగు పని అయిపోయి ఉంటుంది. ఆ లయ కుదిరిన రోజు కలిగే సంతోషం వేరు.

వెనక్కి తిరగడం

తిరిగే కీ నొక్కితే బండి అక్కడికక్కడే అద్దంలో బొమ్మలా మారిపోతుంది. చక్రాలు ఉన్నచోటే ఉంటాయి, మనిషి ఎదురు వైపుకి చూస్తాడు, ఇంజను తిప్పే చక్రం కూడా మారిపోతుంది. ఇంతసేపూ ముందున్నది ఇప్పుడు వెనక చక్రం అవుతుంది. దీన్ని ఊరికే వెనక్కి వెళ్ళడానికే అనుకోకండి. అంచు మీద ఒక్క చక్రం ఆనుకుని, రెండోది గాలిలో వేలాడుతున్నప్పుడు గ్యాస్ ఇచ్చినా కదలడం లేదంటే, గాలిలో ఉన్న చక్రానికే ఇంజను తగిలి ఉందన్నమాట. తిప్పండి, నేల మీదున్న చక్రం లాగుతుంది.

లెవెళ్ళు ఏ వరసలో

మొత్తం 54 లెవెళ్ళు. పాత రోజుల్లో ఉచితంగా పంచుకున్న వెర్షన్‌లో 18 ఉండేవి. నెట్ సెంటర్లలో మేమంతా ఆడింది ఆ 18నే. పేర్లు ఊరికే పెట్టలేదు, చదవండి. ట్విన్ పీక్స్ అంటే రెండు శిఖరాలు, టన్నెల్ టెర్రర్ అంటే సొరంగం. సొరంగం అనగానే తల గుర్తుకు రావాలి, కప్పు తక్కువగా ఉన్నచోట చిన్న వీలీ, అంటే ముందు చక్రం కాస్త లేవడం కూడా తలను తగిలిస్తుంది.

ఒక లెవెల్ దగ్గర అరగంట దాటి ఆగిపోతే దాటేసి తర్వాతిదానికి వెళ్ళండి, ఆ అవకాశం ఆటలోనే ఉంది. వాడుకోండి, తప్పేమీ లేదు. కానీ మొదటి ఐదింటినీ మాత్రం దాటేయకండి. చదును, గుట్ట, ఎక్కుడు అక్కడే వంటబడతాయి. ముందుకు వెళ్ళేకొద్దీ కొన్ని ఆపిల్స్ గురుత్వాకర్షణ దిక్కునే మార్చేస్తాయి. పండు తిన్నాక పైకప్పే నేల అయిపోతుంది. అప్పుడు కంగారు పడకుండా, గ్యాస్ వదిలి, బండి ఎటు పడుతోందో ముందు చూడండి. ఇప్పుడు అదే కింద.

చివరి లెవెల్ పేరు యాపిల్ హార్వెస్ట్, అంటే పండ్ల కోత.

సెకను వందో వంతు

పువ్వు తాకగానే మీకు పట్టిన సమయం సెకనులో వందో వంతు దాకా కనిపిస్తుంది. ప్రతి లెవెల్‌కీ మేలైన పది సమయాలను ఆట దాచుకుంటుంది. అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. ఒక లెవెల్ పూర్తి చేయడం ఒక ఎత్తు, దాన్ని మూడు సెకన్లు తగ్గించడం ఇంకో ఎత్తు.

తగ్గించాలంటే మొదట వేగంగా నడపడానికి ప్రయత్నించకండి. రీప్లే దాచుకుని చూడండి. ఎక్కడ చక్రం గాలిలో ఊరికే తిరిగిందో, ఎక్కడ ముందు చక్రం దిగేదాకా ఆగాల్సి వచ్చిందో కాగితం మీద రాసుకోండి. నా అనుభవంలో పోయిన సమయంలో ఎక్కువ భాగం ఎక్కువ గ్యాస్ ఇచ్చిన చోటే పోతుంది. వీలీ లేచిన ప్రతిసారీ అది దిగేదాకా ఆగాలి, ఆ ఆగడమే నష్టం. తర్వాత పండ్లు ఏరే వరస మార్చి చూడండి. దగ్గరగా కనిపించే పండు ముందు తీయడం ఎప్పుడూ లాభం కాదు, తిరుగు దారిలో తీయడం లాభం కావచ్చు.

ఇవన్నీ ఆట ఫోల్డర్‌లోనే ఉంటాయి. సమయాలు 'స్టేట్' అనే ఫైలులో, రీప్లేలు 'రెక్' ఫోల్డర్‌లో, మీరు గీసిన లెవెళ్ళు 'లెవ్' ఫోల్డర్‌లో. నెలకోసారి వీటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఒకసారి కంప్యూటర్ రిపేరుకి ఇస్తే, షాపతను నన్నడక్కుండానే హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి తెచ్చిచ్చాడు. ఆరేళ్ళ సమయాలు పోయాయి. వార్మప్‌లో నా మేలైన పరుగు ఇప్పటికీ తిరిగి రాలేదు.

సొంత ట్రాక్: ఎర్రమట్టి దిబ్బలు

ఆటతోపాటే సొంత లెవెళ్ళు గీసుకునే లెవెల్ ఎడిటర్ వస్తుంది. దీన్ని వదిలేస్తే సగం ఆట వదిలేసినట్టే. నేర్చుకోవడానికి మన ఊళ్ళోనే ఒక మంచి నమూనా ఉంది.

విశాఖకీ భీమిలికీ మధ్య, సముద్రం ఒడ్డున ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. ఇసుక రేణువులకి ఇనుము ఆక్సైడ్ పూత పట్టడం వల్ల ఆ ఎరుపు. వాన నీళ్ళు కోసుకుపోయి, నిట్టనిలువు గోడలూ చదును అడుగూ ఉన్న వాగులు ఏర్పడ్డాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది. చూడగానే బైక్ ఎక్కించాలనిపించే చోటు, ఎక్కించకూడని చోటు కూడా. వేల ఏళ్ళలో తయారైన ఆ గోడలు ఒక్క టైరు దెబ్బకి రాలతాయి. అక్కడికి నడిచి వెళ్ళండి, కళ్ళనిండా చూడండి, ఇంటికొచ్చి స్క్రీన్ మీద గీసి, బండి అక్కడ నడపండి.

వెళ్ళినప్పుడు ఒక వాగుని పక్కనుంచి చూసి, దాని గీతను నోటు పుస్తకంలో గీసుకోండి. గోడ ఎక్కడ నిలువుగా ఉంది, ఎక్కడ రాలి వాలుగా మారింది, అడుగు ఎంత వెడల్పు. మా మేనల్లుడు పెన్సిల్‌తో గీసిన గీతలో మొత్తం పద్దెనిమిది మలుపులున్నాయి. అంత చాలు.

ఎడిటర్ తెరిచి కొత్త లెవెల్ తీసుకోండి. ఒక గీత చుట్టూ తిరిగి మూసుకుని ఉంటుంది. దాని లోపలంతా ఆకాశం, బయటంతా మట్టి. ఆకాశం మధ్యలో ఇంకో మూసిన గీత గీస్తే దాని లోపల మళ్ళీ మట్టి, అంటే గాలిలో తేలే రాయిలాంటిది. గీత మీద కొత్త బిందువు పెట్టి, లాగి, వంపు తయారుచేయాలి. ముందు అడుగు గీతను మీ పుస్తకంలో ఉన్నట్టు గీయండి. ఆకాశం బాగా ఎత్తుగా ఉంచండి, లేకపోతే ఎగిరినప్పుడు తల పైనున్న మట్టికి తగులుతుంది.

నిలువు గోడను నిలువుగానే గీస్తే బండి ఎక్కదు. అక్కడ నిజమైన దిబ్బే దారి చూపిస్తుంది: గోడ కింద రాలిన మట్టి ఒక చిన్న వాలుగా పేరుకుని ఉంటుంది కదా, దాన్నీ గీయండి. ఆ వాలు మీద బండి స్ప్రింగు నలుగుతుంది, ఎగురుతుంది, గోడ అంచు దాటుతుంది. మూలలు మరీ పదునుగా ఉంటే రెండు మూడు బిందువులు పెట్టి మెత్తబరచండి. ఒక్క బిందువుతో తిరిగిన మలుపు చక్రానికి గోడతో సమానం. పైన గడ్డి గీత కూడా వేయొచ్చు, అది అందానికే, చక్రం దాన్ని పట్టించుకోదు. సరుగుడు తోటల పచ్చదనం అలా వస్తుంది.

తర్వాత బండి మొదలయ్యే చోటు, పువ్వు, పండ్లు. మొదటి లెవెల్‌లో పండ్లు నాలుగైదు చాలు. ఒకటి సులువుగా, ఒకటి వాగు అడుగున, ఒకటి ఎగిరితేనే తగిలే ఎత్తులో. ముళ్ళ వస్తువులు మొదట పెట్టకండి. మట్టితోనే కష్టం పుట్టించడం వచ్చాక అవి పెట్టొచ్చు. పువ్వుని మేం సముద్రం వైపు చివర పెట్టాం.

దాచే ముందు చెక్ టోపాలజీ నొక్కండి. గీతలు ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటితే చూపిస్తుంది, ఆ బిందువును కొద్దిగా జరపండి. పేరు ఎనిమిది అక్షరాల లోపు ఉండాలి, ఇంగ్లీషులోనే.

ఇప్పుడు మీరు పదిసార్లు నడిపి చూడండి. కానీ మీరు గీసిన దారి మీకు తెలుసు కాబట్టి మీ తీర్పు సరిపోదు. ఇంకొకరిని కూర్చోబెట్టండి. పక్కనే నిలబడండి, ఒక్క మాట కూడా సాయం చెప్పకండి. వాళ్ళు ఎక్కడ పడుతున్నారో కాదు, ఎక్కడ ఏం చేయాలో అర్థంకాక ఆగిపోతున్నారో చూడండి. మా ట్రాక్‌ని మొదట నడిపింది మా అక్క. రెండో వాగు అడుగున ఆగిపోయి, "ఒరేయ్, ఇక్కడ్నించి ఎటు వెళ్ళాలి రా?" అని అడిగింది. వాడు నోరు తెరవబోయి, నా వంక చూసి, ఊరుకున్నాడు. ఆవిడ లేచాక ఎడిటర్ తెరిచి, ఆ వాగు గోడ మీది పండును అడుగు నుంచి కనిపించేంత కిందికి జరిపాడు.